మాత్రల తయారీలో బ్యాచ్ పద్ధతా, నిరంతర పద్ధతా: మధ్యతరహా కర్మాగారానికి ఏది తగును?

హనుమకొండకు చెందిన ఒక యజమాని, జీడిమెట్లలో అద్దె షెడ్డులో నడుస్తున్న తన మాత్రల యూనిట్‌ను వరంగల్ పరిసరాలకు తరలించి సొంత భవనంలో పెట్టుకోవాలన్న ఆలోచనతో ఉన్నారు. కొత్త కట్టడానికి నక్షా గీయించే ముందు ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగారు. ఇప్పటిలాగే బ్యాచ్ యంత్రాలు కొనాలా, లేక ఒక వైపు పొడులు పోస్తే మరో వైపు గోలీలు రాలే కంటిన్యువస్ లైను పెట్టాలా అన్నది ఆ ప్రశ్న. ఆయన చేతిలోని ఉత్పత్తుల జాబితాలో 38 పేర్లున్నాయి. వాటిలో పారాసిటమాల్ 500, మెట్‌ఫార్మిన్ 500, ఆమ్లోడిపిన్ 5 అనే మూడే ఏడాది పొడవునా నడుస్తాయి. మిగతా 35 ఆర్డరు వచ్చినప్పుడు వారం రోజులు నడిచి మళ్ళీ మూలకు చేరుతాయి. యంత్రాల కేటలాగు కంటే ఈ జాబితాయే ముఖ్యమని ఆయనకు చెప్పాను. అలా ఎందుకు చెప్పానో, ఆ జాబితా చదివి ఏ నిర్ణయానికి వచ్చామో ఇక్కడ వివరిస్తాను.

తేడా ఎక్కడ ఉంది

బ్యాచ్ పద్ధతిలో ముడిసరుకులను తూచి, జల్లించి, ఆర్.ఎం.జి. (రాపిడ్ మిక్సర్ గ్రాన్యులేటర్) అనే గిన్నెలో తడిపి గ్రాన్యూల్స్‌గా, అంటే చిన్న పలుకులుగా చేసి, ఎఫ్.బి.డి. (ఫ్లూయిడ్ బెడ్ డ్రయ్యరు)లో ఆరబెట్టి, మిల్లులో నలిపి, బ్లెండర్‌లో కలిపి, పొడి యంత్రానికి అంటుకోకుండా మెగ్నీషియం స్టీరేట్ చేర్చి, గోలీలుగా ఒత్తే కంప్రెషన్ యంత్రానికి పంపుతాము. ప్రతి దశ ముగిశాక సరుకు డ్రమ్ములలోనో బిన్నులలోనో ఆగుతుంది, శాంపిల్ నాణ్యత పరీక్షల విభాగమైన క్యూ.సి.కి వెళుతుంది, ఫలితం వచ్చేదాకా బిన్ను మీద పసుపు లేబుల్ వేలాడుతూ ఉంటుంది. నేను పనిచేసిన ఒక కర్మాగారంలో ఒకసారి బ్యాచ్ రికార్డులు తిరగేసి లెక్క కట్టాము. యంత్రాల మీద రెండు పనిదినాల్లో ముగిసే ఒక మాత్ర, తూకం గది నుంచి గోదాము చేరడానికి 19 రోజులు తీసుకుంది. మిగిలిన 17 రోజులూ అది గది ఖాళీ కావడం కోసమో, ఫలితం కోసమో, సంతకం కోసమో ఎదురు చూసింది. నిరంతర పద్ధతి గురించి చెప్పే లాభాల్లో పెద్ద భాగం ఈ ఎదురుచూపును తొలగించడం నుంచే వస్తుంది. గోలీని ఒత్తే పని బ్యాచ్ పద్ధతిలో కూడా చాలాకాలంగా నిరంతరంగానే సాగుతోంది. రోటరీ కంప్రెషన్ యంత్రంలో హాపర్ అనే పొడి తొట్టి నుంచి పొడి దిగుతూ ఉంటుంది, డైలు అనే అచ్చులు నిండుతూ ఉంటాయి, పంచ్‌లు ఒత్తుతూ ఉంటాయి. కాబట్టి ఆ యంత్రానికి ముందున్న పనులలో వేటిని దానితో గొలుసులా కలపవచ్చు అన్నదే మన ముందున్న ప్రశ్న.

దీన్ని అర్థం చేసుకోవడానికి విదేశీ ప్రయోగశాల వరకు వెళ్ళనక్కర లేదు. పెద్దపల్లి, సుల్తానాబాద్ వైపు ఏ బాయిల్డ్ రైస్ మిల్లుకు వెళ్ళినా రెండు పద్ధతులూ ఒకే ఆవరణలో కనిపిస్తాయి. వడ్లను తొట్లలో నానబెట్టి ఆవిరి పట్టడం విడతలవారీ పని, ఎందుకంటే గింజ నీరు పీల్చుకోవడానికి సమయం కావాలి. ఆరిన వడ్లు మాత్రం ఎలివేటర్ ఎక్కిన క్షణం నుంచి శుభ్రపరచే జల్లెడ, పొట్టు తీసే షెల్లర్, పాలిష్, చివరికి సార్టెక్స్ దాకా ఎక్కడా ఆగకుండా నడిచి బస్తాలో పడతాయి. రంగు మారిన గింజను సార్టెక్స్ కన్ను పట్టుకోగానే గాలి ఊది పక్కకు నెడుతుంది. దానికోసం మిల్లు ఆగదు, బస్తా మొత్తం పారబోయరు. మాత్రల లైనులో డైవర్షన్ అనే ఏర్పాటు చేసేది సరిగ్గా ఇదే పని. మిల్లు కట్టినవారు గింజకు సమయం కావలసిన చోట దాన్ని ఆపారు, అక్కర లేని చోట నడవనిచ్చారు. మా యజమాని అడిగిన ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు ఈ మిల్లు నా మనసులో మెదులుతూనే ఉంది.

ఆచరణలో ఆయన ముందున్న దారులు నాలుగు. మొదటిది బ్యాచ్ పద్ధతిని అలాగే ఉంచి, ఎదురుచూపు తగ్గేలా గదుల అమరికను, క్యూ.సి. పనిక్రమాన్ని సరిచేసుకోవడం. రెండవది, గ్రాన్యులేషన్ అక్కర లేని ఉత్పత్తులకు పొడిని కొలతగా పోసే ఫీడర్లు, మిక్సర్, కంప్రెషన్ యంత్రాన్ని ఒకే వరుసలో కలిపిన డైరెక్ట్ కంప్రెషన్ లైను. మూడవది, రెండు స్క్రూల నడుమ పొడిని తడిపి గ్రాన్యూల్స్ చేసే ట్విన్ స్క్రూ గ్రాన్యులేటర్, డ్రయ్యరు కూడా కలిసిన పూర్తి తడి గ్రాన్యులేషన్ లైను. నాలుగవది మిల్లు తరహా మిశ్రమం: గ్రాన్యూల్స్ పాత పద్ధతిలో చేసుకొని, అక్కడి నుంచి కలపడం, ఒత్తడం మాత్రం నిరంతరంగా నడపడం. పొడిని తడపకుండా రోలర్ల మధ్య అదిమే రోలర్ కాంపాక్టర్‌తో గ్రాన్యులేషన్ చేసేవారు ఐదవ దారి గురించి అడగవచ్చు. ఆ యంత్రం స్వభావరీత్యా నిరంతరమైనదే కనుక దాన్ని రెండవ దారికి జోడింపుగా చూడవచ్చు.

ఫీడరు దగ్గరే సగం నిర్ణయం

అమ్మేవారు ప్రదర్శనలో ముందుగా తెర మీది గ్రాఫులను చూపిస్తారు, కానీ కొనేవారు ముందుగా ఫీడరును చూడాలి. బ్యాచ్ పద్ధతిలో మందు 10 కిలోలు వేయాలంటే తూకం గదిలో 10 కిలోలు తూచి వేస్తాము. బ్లెండర్ పొరపాటు చేసినా వేసిన మొత్తం మాత్రం మారదు. నిరంతర పద్ధతిలో ఆ మొత్తం అనేదే లేదు. ప్రతి పొడికీ ఒక లాస్-ఇన్-వెయిట్ ఫీడరు ఉంటుంది. అది తన హాపర్ బరువు ఎంత వేగంగా తగ్గుతోందో చూసుకుంటూ స్క్రూ వేగాన్ని సరిదిద్దుకుంటుంది. గోలీలో మందు శాతం ప్రతి క్షణమూ ఆ స్క్రూ నిలకడ మీదే ఆధారపడి ఉంటుంది.

లెక్క వేసి చూస్తే ఇది ఎంత సున్నితమో తెలుస్తుంది. 5 మిల్లీగ్రాముల ఆమ్లోడిపిన్‌కు సమానమైన బెసిలేట్ (గోలీలో వాడే దాని లవణం) సుమారు 6.93 మిల్లీగ్రాములు. గోలీ బరువు 200 మిల్లీగ్రాములు అనుకుంటే అది దాదాపు మూడున్నర శాతం. గంటకు 25 కిలోల వేగంతో నడిచే లైనులో మందు ఫీడరు గంటకు సుమారు 870 గ్రాములు, అంటే నిమిషానికి 14 గ్రాముల చొప్పున, కుదుపు లేకుండా పోస్తూ ఉండాలి. అదే వేగంలో, 500 మిల్లీగ్రాముల మందుతో 600 మిల్లీగ్రాములు తూగే మెట్‌ఫార్మిన్ గోలీకి మందు ఫీడరు నిమిషానికి దాదాపు 350 గ్రాములు పోయాలి. ఒకే ఫీడరు, ఒకే స్క్రూ ఈ రెండింటినీ చేయలేవు. అందుకే లైను ధర అడిగేటప్పుడు ఒక్కో ఉత్పత్తికి ఎన్ని స్క్రూలు, ఎన్ని ఫీడర్లు కావాలో విడిగా రాయించుకోవాలి. తొలి కొటేషన్‌లో ఇది ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది.

ఇంకో చిక్కు హాపర్‌ను తిరిగి నింపేటప్పుడు వస్తుంది. పైనుంచి పొడి పడుతున్నంతసేపూ ఫీడరుకు బరువు తగ్గుదల కనబడదు కనుక అది గుడ్డిగా, అంతకుముందు ఉన్న స్క్రూ వేగంతోనే నడుస్తుంది. పడిన పొడి కింది పొడిని అదిమితే స్క్రూలోకి దిగే సాంద్రత పెరుగుతుంది, గుడ్డిగా నడిచిన ఆ కొద్ది సెకన్లలో మందు ఎక్కువ పోతుంది. తరచుగా, కొద్దికొద్దిగా నింపడం దీనికి సాధారణ విరుగుడు. ఆ తరువాతి మిక్సర్ కూడా కొంత మేలు చేస్తుంది. పొడి అందులో నిమిషం అటూఇటూ గడుపుతుంది కనుక చిన్న కుదుపులు అక్కడ కలిసిపోతాయి, పెద్దవి కలిసిపోవు. ఏ కుదుపు ఎంత సాగి గోలీ దాకా చేరుతుందో చెప్పే రెసిడెన్స్ టైమ్ లెక్కను ప్రతి ఉత్పత్తికీ ప్రయోగం చేసి కట్టాలి. ఆ లెక్క లేనిదే ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు గోలీలను పక్కకు మళ్ళించాలో లైనుకు తెలియదు.

రామగుండంలో ఎన్.టి.పి.సి.లోనో, ఎరువుల కర్మాగారంలోనో పనిచేసినవారికి నిరంతర ప్రక్రియ కొత్తేమీ కాదు. వారితో మాట్లాడినప్పుడు ఒక తేడాను గుర్తు చేస్తూ ఉంటాను: వాయువు, ద్రవం కవాటం తెరిస్తే నడుస్తాయి, పొడి మాత్రం తనకు ఇష్టమైతేనే నడుస్తుంది. అది గోడకు అంటుకుంటుంది, హాపర్‌లో వంతెన కడుతుంది, నడుమ బొరియ చేసుకొని చుట్టూ కదలకుండా నిలుస్తుంది, వానాకాలంలో ఒక తీరుగా, ఎండాకాలంలో మరో తీరుగా ప్రవర్తిస్తుంది. పారాసిటమాల్ స్ఫటికాలు ఒత్తిడికి సరిగా అతుక్కోవు, గోలీ నెత్తి ఊడిపోతుంది. మెట్‌ఫార్మిన్ నిలవ ఉంటే డ్రమ్ములోనే గడ్డకడుతుంది. ఈ రెండింటినీ గ్రాన్యులేషన్ చేసేది ఇందుకే. కాబట్టి డైరెక్ట్ కంప్రెషన్ లైను ఎంత చవకైనా, ఎంత చిన్నదైనా, ఈ రెండు మందులను ముడి రూపంలో దానిలో పోయలేము.

తడి గ్రాన్యులేషన్ లైనులో పొడి ట్విన్ స్క్రూ గుండా కొన్ని సెకన్లలోనే దాటిపోతుంది, ఆర్.ఎం.జి. గిన్నెలో లాగా పది నిమిషాలు తిరగదు. అందువల్ల తయారయ్యే గ్రాన్యూల్ వేరు, దాని రంధ్రాలు వేరు, దాని నుంచి మందు కరిగే తీరు కూడా వేరు కావచ్చు. ఉన్న ఫార్ములాను అలాగే ఎత్తి ఈ లైనులో పెట్టవచ్చని ఎవరైనా అంటే, డిసొల్యూషన్ ఫలితాలు చూడకుండా నమ్మవద్దు. ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. ఈ తరహాలో పేరున్న కొన్ని లైన్లలో డ్రయ్యరు ఆరు అరలుగా ఉంటుంది. తడి గ్రాన్యూల్స్ ఒక అరను నింపుతుంటే, మరొకటి ఆరుతూ, ఇంకొకటి ఖాళీ అవుతూ ఉంటుంది. అంటే నిరంతర లైను కడుపులో కూడా చిన్న చిన్న బ్యాచ్‌లే ఉన్నాయన్న మాట. ఆరడానికి సమయం కావాలి, వడ్లు నానడానికి కావలసినట్టే.

మొదటి ఇరవై నిమిషాలు

లైను మొదలుపెట్టగానే మంచి గోలీలు రావు. ఫీడర్లు స్థిరపడి, మిక్సర్ తగినంత నిండి, గోలీ బరువు, గట్టిదనం, మందు శాతం అన్నీ హద్దుల్లోకి వచ్చేదాకా రాలినవన్నీ తిరస్కరించినవే. ఆ సమయం 20 నిమిషాలు అనుకుందాము. గంటకు 25 కిలోల లైనులో అది 8.3 కిలోలు. ఒకేసారి 1,000 కిలోలు నడిపితే ఈ నష్టం ఒక శాతం లోపే. ఆర్డరు 100 కిలోలదే అయితే ఎనిమిది శాతానికి పైగా పోయినట్టు. బ్యాచ్ పద్ధతిలో కూడా కంప్రెషన్ సెట్టింగుకు కిలో రెండు కిలోలు పోతాయి కాని, అది దీనికి సాటి రాదు. ఆ జాబితాలోని 35 చిన్న ఉత్పత్తులను నిరంతర లైను మీద పెట్టవద్దనడానికి నాకు ఈ ఒక్క లెక్కే చాలు. ఉత్పత్తి మారిన ప్రతిసారీ ఫీడర్లు, గొట్టాలు, మిక్సర్, కంప్రెషన్ యంత్రం అన్నీ విప్పి కడిగి, పాత సరుకు మిగల్లేదన్న ధృవీకరణ (లైన్ క్లియరెన్స్) తీసుకునే సమయాన్ని దీనికి కలిపితే ఆ లెక్క మరింత బరువెక్కుతుంది. బ్యాచ్ పద్ధతిలో ఆర్.ఎం.జి.ని కడుగుతుండగా పక్క గదిలో కంప్రెషన్ నడుస్తూ ఉంటుంది. గొలుసుగా కలిపిన లైనులో ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి.

మరో వైపు, ఇదే గొలుసు ఇచ్చే లాభం కూడా చిన్నది కాదు. ఉత్పత్తి పెంచాలంటే పెద్ద గిన్నె కొని, స్కేల్-అప్ కష్టాలన్నీ మొదటి నుంచి పడనక్కర లేదు. అదే యంత్రాన్ని ఎక్కువ గంటలు నడిపితే సరిపోతుంది. 20 గంటల్లో 500 కిలోలు, అంటే 600 మిల్లీగ్రాముల గోలీలు 8.3 లక్షలు వస్తాయి. 40 గంటలు నడిపితే అంతకు రెట్టింపు. కొత్త ఉత్పత్తిని అభివృద్ధి చేసేటప్పుడు ఒక్కో ప్రయోగానికి కొన్ని నిమిషాల సరుకే చాలు కనుక ఖరీదైన మందులకు ఇది పెద్ద ఆదా. లైనులో ఏదైనా క్షణంలో ఉండే సరుకు కొన్ని కిలోలే కాబట్టి, ఐదు నిమిషాల కుదుపు వస్తే పోయేది రెండు కిలోల పైచిలుకు మాత్రమే. బ్యాచ్ పద్ధతిలో కలపడం తప్పిన సంగతి చివర్లో తెలిస్తే బ్లెండర్ మొత్తం పోతుంది.

అయితే యంత్రానికి ఏడాదంతా పని దొరుకుతుందా అన్నది వేరే ప్రశ్న. మా యజమాని ఏడాదికి చేసే ఆమ్లోడిపిన్ గోలీలు 6 కోట్లు. ఒక్కొక్కటి 200 మిల్లీగ్రాముల చొప్పున అది 12 టన్నులు. గంటకు 25 కిలోల లైనుకు అది 480 గంటల పని, రోజుకు 20 గంటల చొప్పున 24 రోజులు. ఈ ఒక్క ఉత్పత్తి కోసం డైరెక్ట్ కంప్రెషన్ లైను కొంటే మిగతా 340 రోజులు అది గుడ్డ కప్పుకొని కూర్చుంటుంది. పారాసిటమాల్ గోలీలు 10 కోట్లు, ఒక్కొక్కటి 600 మిల్లీగ్రాముల చొప్పున 60 టన్నులు, 120 రోజులు. మెట్‌ఫార్మిన్ 8 కోట్లు అంటే 48 టన్నులు, 96 రోజులు. మూడూ కలిపితే 240 రోజులు. అంటే ఏడాది నిండాలంటే తడి గ్రాన్యులేషన్ కూడా చేయగల పూర్తి లైను కావాలి, అది నాలుగు దారుల్లో అన్నిటికంటే ఖరీదైనది. ఇంకో సంగతి కూడా మరువకూడదు. ఆయన దగ్గర ఇప్పటికే ఉన్న రోటరీ యంత్రం గంటకు 2 లక్షల పారాసిటమాల్ గోలీలు ఒత్తగలదు, అంటే 120 కిలోలు. దాన్ని 25 కిలోల గ్రాన్యులేటర్‌కు కడితే గుర్రాన్ని ఎద్దుల బండికి కట్టినట్టవుతుంది.

పరీక్షలు, అనుమతులు

ఎదురుచూపు పోవాలంటే గోలీ తయారయ్యాక క్యూ.సి. ఫలితం కోసం ఆగకూడదు; అందుకు డైలలోకి పొడి నింపే ఫీడ్ ఫ్రేములోనో మిక్సర్ కిందనో ఎన్.ఐ.ఆర్. (నియర్ ఇన్‌ఫ్రారెడ్) కాంతి పరికరం పెట్టి మందు శాతాన్ని ఎప్పటికప్పుడు చూస్తూ, ఆ సమాచారం ఆధారంగానే సరుకును విడుదల చేసే రియల్ టైమ్ రిలీజ్ పద్ధతి ఉంది. ఇది లేకుండా లైను కొనవచ్చు. నిరంతర ఉత్పత్తికి 2022 నవంబరులో ఖరారైన అంతర్జాతీయ మార్గదర్శకం ఐ.సి.హెచ్. క్యూ13 కూడా రియల్ టైమ్ రిలీజ్‌ను తప్పనిసరి చేయలేదు. కానీ అది లేకుంటే గోలీలు లైను నుంచి రెండు రోజుల్లో వచ్చి క్యూ.సి. కోసం రెండు వారాలు ఆగుతాయి, కోట్లు పెట్టిన లాభం అక్కడే ఇంకిపోతుంది. ఎన్.ఐ.ఆర్. పెట్టినా పని అయిపోదు. ఆ పరికరానికి రసాయనం తెలియదు, మనం నేర్పిన గణిత నమూనా మాత్రమే తెలుసు. సెల్యులోజ్ సరఫరాదారు మారితే, పొడి రేణువుల పరిమాణం మారితే, ఆ నమూనాను మళ్ళీ సరిచూసి సరిదిద్దాలి. నేను చూసిన ఒక కర్మాగారంలో ఇలాంటి పరికరం రెండేళ్ళుగా ప్లాస్టిక్ కవరు కింద ఉంది. నమూనా తయారుచేసిన ఉద్యోగి వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయారు, ఆ తరువాత దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ కలగలేదు.

బ్యాచ్ అనే మాట మాత్రం నిరంతర పద్ధతిలోనూ పోదు. నడిచిన గంటలను బట్టో, లోపలికి పోసిన సరుకును బట్టో, బయటికి వచ్చిన సరుకును బట్టో బ్యాచ్‌ను నిర్వచించుకోవచ్చని క్యూ13 చెబుతుంది. మందు లాట్ మధ్యలో మారితే ఏ గోలీలలో ఏ లాట్ ఉందో రెసిడెన్స్ టైమ్ లెక్కతోనే తేల్చాలి. రేపు ఏదైనా లాట్‌ను వెనక్కి పిలవవలసి వస్తే ఎంత పిలవాలో నిర్ణయించేది ఆ లెక్కే.

అనుమతుల విషయంలో ప్రపంచం ముందుకే వెళ్ళింది. అమెరికా ఎఫ్.డి.ఏ. 2015లో వర్టెక్స్ కంపెనీ ఓర్కాంబి మాత్రను నిరంతర పద్ధతిలో తయారుచేయడానికి అనుమతించింది. 2016 ఏప్రిల్‌లో జాన్సెన్ కంపెనీ తన ప్రెజిస్టా మాత్రను బ్యాచ్ నుంచి నిరంతర పద్ధతికి మార్చుకోవడానికి ఎఫ్.డి.ఏ. మొదటిసారిగా ఒప్పుకుంది. ఆ తరువాత లిల్లీ, ఫైజర్ కంపెనీల మాత్రలు కూడా ఈ దారిలో వచ్చాయి. ఈ పేర్లన్నిటిలో ఒక పోలిక ఉంది: అన్నీ పెద్ద ధర పలికే, అప్పటికి పేటెంటు ఉన్న మందులు. గోలీకి పైసల్లో లాభం మిగిలే పారాసిటమాల్‌తో వాటిని పోల్చి, "వాళ్ళు పెట్టారు కదా" అనుకోవడం సరికాదు. ఎగుమతి అనుమతి ఉన్న ఉత్పత్తిని మార్చదలచుకుంటే అది పెద్ద మార్పుగానే లెక్కకు వస్తుంది, ముందస్తు ఆమోదం తీసుకోవాలి. కొత్త చోటికి తరలింపు, కొత్త పద్ధతి రెండూ కలిపి ఒకేసారి దరఖాస్తు చేయవచ్చన్న ఆశ మా యజమానికి ఉండేది. ఒకేసారి రెండు మార్చి, ఫలితం తేడా వస్తే దోషం దేనిదో తేల్చలేని పరిస్థితి వస్తుందని నేను వారించాను.

ఇక మన దేశంలో 2023 డిసెంబరు 28 నాటి నోటిఫికేషన్‌తో మందుల తయారీ నియమాలైన షెడ్యూల్ ఎం సవరించిన రూపం వచ్చింది. టర్నోవర్ 250 కోట్ల లోపు ఉన్న యూనిట్లకు గడువును తరువాత 2025 డిసెంబరు 31 వరకు పొడిగించారు. క్వాలిటీ రిస్క్ మేనేజ్‌మెంట్, యంత్రాల క్వాలిఫికేషన్, కంప్యూటర్ వ్యవస్థల వాలిడేషన్ వంటివి అందులో స్పష్టంగా ఉన్నాయి. ఇవి ఇంకా కుదురుకోని యూనిట్ చేతిలో డబ్బు ఉంటే ముందు ఇక్కడే పెట్టాలన్నది నా నిశ్చితాభిప్రాయం. నిరంతర లైను నిలబడేది ఈ పునాది మీదే. కాగితం మీద బి.ఎం.ఆర్. (బ్యాచ్ తయారీ రికార్డు) రాసుకునే చోట, సెకనుకొక రీడింగు ఇచ్చే లైను పెడితే ఆ రీడింగులను ఎవరు చూస్తారు?

మనుషులు, కరెంటు

కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి, చుట్టుపక్కల ఫార్మసీ కళాశాలల నుంచి వచ్చే పిల్లలకు పొడి తెలుసు, ఫార్ములా తెలుసు, మంచి తయారీ పద్ధతుల నియమాలు (జి.ఎం.పి.) తెలుసు. ఎన్.ఐ.టి. వరంగల్ కెమికల్ ఇంజనీరింగ్ నుంచి వచ్చేవారికి కంట్రోల్ లూపు తెలుసు, ప్రక్రియ గణితం తెలుసు. నిరంతర లైను నడపడానికి ఈ ఇద్దరూ ఒకే షిఫ్టులో ఉండాలి. వీరి విద్యాసంస్థల మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే అయినా, ఒకే కర్మాగారంలో ఒకే బల్ల దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టడం నేను అరుదుగా చూశాను. వరంగల్‌లో యూనిట్ పెట్టేవారికి హైదరాబాదు శివార్లలోని వారికంటే ఈ విషయంలో ఒక మెట్టు పైచేయి ఉంది. దాన్ని ఉపయోగించుకోవాలంటే యంత్రం రాకముందే, కనీసం ఏడాది ముందే, మనుషులను తీసుకోవాలి.

కరెంటు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేచిన సాయంత్రం కరెంటు ఒక్క సెకను పోతే బ్యాచ్ యూనిట్లో మళ్ళీ బటన్ నొక్కుతారు. రైస్ మిల్లులో అయితే ఎలివేటర్ అడుగు బియ్యంతో బిగుసుకుపోతుంది, హమాలీలు చేతులతో తోడాలి. మాత్రల లైనులో ఆ ఒక్క సెకనుకు మరో 20 నిమిషాలు, మరో 8 కిలోలు పోతాయి. కంట్రోల్ ప్యానెల్‌కు మాత్రమే కాక ఫీడరు మోటార్లకు కూడా యూ.పి.ఎస్. కావాలని కొటేషన్‌లోనే రాయించాలి.

మూడు గోలీలకు మూడు దారులు

ఆమ్లోడిపిన్‌కు డైరెక్ట్ కంప్రెషన్ లైను సాంకేతికంగా చక్కగా సరిపోతుంది. సెల్యులోజ్, కాల్షియం ఫాస్ఫేట్ వంటి బాగా నడిచే, బాగా ఒత్తుకునే పదార్థాలే ఆ గోలీలో ఎక్కువ భాగం. కానీ 24 రోజుల పని కోసం లైను కొనలేము. ఇదే తరహా గోలీలు మరో నాలుగైదు పెద్ద పరిమాణంలో వచ్చిన నాడు, లేదా ఒక ఎగుమతి కంపెనీకి ఒప్పందం మీద చేసిపెట్టే అవకాశం రాతపూర్వకంగా చేతికి వచ్చిన నాడు దీన్ని మళ్ళీ చూడాలని, అప్పటివరకు బ్యాచ్‌లోనే ఉంచాలని చెప్పాను.

మెట్‌ఫార్మిన్‌కు పూర్తి తడి గ్రాన్యులేషన్ లైను ఊరిస్తుంది. గోలీలో మందు వాటా ఎక్కువ కనుక ఫీడరు మీద భారం లేదు, పరిమాణం ఉంది, ఏడాది పొడవునా గిరాకీ ఉంది. కానీ ఆయన మెట్‌ఫార్మిన్‌లో పెద్ద భాగం ప్రభుత్వ టెండర్లకు పోతుంది. టెండరు వచ్చిన ఏడాది 8 కోట్ల గోలీలు, రాని ఏడాది 3 కోట్లు. ఎం.జి.ఎం. వంటి పెద్దాసుపత్రుల్లో ఈ గోలీకి కొరత రాకూడదన్నది నిజమే కాని, ఆ గిరాకీ ఎవరి వాటాకు వస్తుందో ఏటా మారుతూ ఉంటుంది. అటువంటి ఆదాయం మీద విదేశీ యంత్రానికి వాయిదాలు కట్టడం నాకు నచ్చలేదు.

పారాసిటమాల్ దగ్గర నాలుగవ దారి తెరుచుకుంది. ఆయన పాత ఆర్.ఎం.జి., ఎఫ్.బి.డి. బాగానే ఉన్నాయి, గ్రాన్యులేషన్ దగ్గర పెద్ద ఆలస్యం లేదు. ఆలస్యమంతా ఆ తరువాత, బ్లెండర్ కోసం, బ్లెండ్ ఫలితం కోసం. కాబట్టి ఆరిన గ్రాన్యూల్స్‌ను ఒక ఫీడరు, మిగతా పొడులను ఒకటి రెండు ఫీడర్లు, స్టీరేట్‌ను చివర మరో చిన్న ఫీడరు పోస్తూ, గంటకు 100 కిలోలకు పైగా కలపగల మిక్సర్ నుంచి నేరుగా రోటరీ యంత్రంలోకి దించవచ్చు. గ్రాన్యూల్స్ బాగా నడుస్తాయి, వాటిలో మందు శాతం ముందే పరీక్షించి ఉంటుంది, కాబట్టి ఫీడరు కుదుపు వల్ల పెద్ద ప్రమాదం లేదు. స్టీరేట్ ఎక్కువసేపు తిరిగి గోలీని మెత్తబరిచే పాత బాధ కూడా తగ్గుతుంది. ఖర్చు పూర్తి లైనులో చిన్న భాగం. ఇక్కడ నేర్చుకున్న ఫీడరు అనుభవం, ఎన్.ఐ.ఆర్. అనుభవం రేపు ఆమ్లోడిపిన్‌కూ పనికొస్తాయి. మెట్‌ఫార్మిన్ గ్రాన్యూల్స్‌ను కూడా ఇదే మిక్సర్ మీద నడపవచ్చు; అప్పుడు యంత్రం ఖాళీగా ఉండదు.

భవనం విషయంలో మాత్రం ముందుచూపు అవసరమన్నాను. ఈ లైన్లు నిలువుగా పేరుస్తారు: పైన ఫీడర్లు, నడుమ మిక్సర్, కింద కంప్రెషన్. కంప్రెషన్ గదికి మామూలు ఎత్తు ఇచ్చి స్లాబు వేసేస్తే తరువాత పగలగొట్టాలి. ఒక గదికి రెండంతస్తుల ఎత్తు, నడి స్లాబులో ఒక మూసివుంచిన తెరువు, పై అంతస్తుకు డ్రమ్ములెక్కే లిఫ్టు ఇప్పుడే పెట్టుకోమన్నాను. ఖర్చు పెరుగుతుందని ఇంజనీరు అన్నారు, యజమాని మాత్రం ఒప్పుకున్నారు.

మిక్సర్, ఫీడర్ల ఎంపికకు ముగ్గురు సరఫరాదారుల దగ్గర ట్రయల్ పెట్టాలని నిర్ణయించుకున్నాము. ఫీడరును ఆరు గంటలు ఆపకుండా నడపాలి, నింపిన ప్రతిసారీ వచ్చిన కుదుపును కాగితం మీద ఇవ్వాలి, సగటు లెక్క చూపితే ఒప్పుకోకూడదు. ఆ ట్రయల్‌కు సరుకు ఎంచేటప్పుడు గోదాములో అందంగా ఉన్న డ్రమ్ములను పంపడం అందరికీ అలవాటు. ఆగస్టు ముసురులో దిగిన, అంచుల్లో గడ్డకట్టిన లాట్ ఒకటి ఉందని స్టోర్స్‌లో విన్నాను; మూడు చోట్లకూ దాన్నే పంపమని ఆయనకు మరోసారి ఫోను చేసి చెప్పాను.